నా గోత్రంలో పూజైన బండి

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కాదు (నా తల ఇంకా నెరవలేదు, పెళ్లై రెండేళ్లే అయింది), ఎక్కని బండ్ల గురించి మాట్లాడటంలో నేను మొనగాణ్ని. నేను ఎక్కిన బండి అల్లా మా నాయన పాత మోపెడ్ ఒక్కటే. దాని మీద నూలు మూటలేసుకొని సిరిసిల్ల గల్లీలన్నీ తిరిగినవాణ్ని. కానీ ఫోన్‌లో బండ్ల వీడియోలు చూసి చూసి, లోకంలో ఏ రెండు బండ్లు పక్కపక్కన పెట్టినా ఏది ఎందులో మిన్నో, ఎందులో తక్కువో గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ని. అన్నం ముందు కూర్చుని కూడా నిన్నటి పప్పుకూ ఇవాళటి పప్పుకూ తేడాలు చెప్పేసరికి మా అమ్మ గరిటె ఎత్తేది. తెలియదని ఒప్పుకోవడం కంటే తెలిసినట్టు నటించడం ఆ వయసుకు చాలా సులువు. ఆ నటనే నన్ను ఒక ఆదివారం నడిబజారులో నిలబెట్టింది, ఆ నటన వల్లే ఇవాళ నాకు కోరుట్లలో ఒక ఇల్లుంది. ఆ కథే చెప్తాను.

మా నాయన సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. పన్నెండు గంటలు వాటి మధ్య నిలబడి వచ్చి, ఇంట్లో కూడా మగ్గం పక్కన ఉన్నట్టే గట్టిగా మాట్లాడేవాడు. ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే, నేను ఆ షెడ్డులోకి రాకూడదని. ఎవరెవరినో బతిమాలి జగిత్యాలలో ఒక బండ్ల షోరూమ్‌లో నాకు సేల్స్ ఉద్యోగం ఇప్పించాడు. మూడు నెలలు చూసి, నచ్చితే పక్కా చేస్తామన్నారు. ఆ సంగతి మా వాడకట్టులో అందరికీ ఆయన గొంతుతోనే తెలిసింది. నేను మాత్రం మూడు నెలల్లో ఒక్క బండి అమ్మలేదు. మైలేజీ ఎంతిస్తుందని అడిగినవాడికి టార్క్ అంటే ఏమిటో చెప్పేవాణ్ని. అతను తలూపుతూ విని, పక్క షోరూమ్‌కు పోయి కొనుక్కునేవాడు. మా సేటు (షోరూమ్ యజమానిని అందరం సేటు అనే పిలిచేవాళ్లం) ఒకరోజు తల పట్టుకున్నాడు.

"అరేయ్, వాడు పాలక్యాన్లు కట్టుకునే బండి అడుగుతుంటే, మూలమలుపుల ఎంత వంగుతదో చెప్తున్నవేందిరా? వాడు వంగితే పాలేం గావాలె?"

సరిగ్గా అప్పుడే మా షోరూమ్‌కు ఆ కొత్త బండి వచ్చింది. సూపర్‌మోటో అన్నారు దాన్ని. చూడటానికి గుట్టలూ గుంతలూ దూకే బండిలా ఎత్తుగా, బక్కగా ఉంటుంది, చక్రాలేమో నున్నటి రోడ్డు మీద పరుగెత్తేవి. ఒక్కటే సిలిండర్. సీటు పీటంత గట్టిది, వెడల్పూ అంతే. కాలేజీ పిల్లలు వచ్చి దాని పక్కన ఫొటోలు దిగిపోయేవారు, ధర అడిగిన పాపాన పోలేదు. వచ్చింది ఒక్కటే కాబట్టి చూపించేదీ అదే, అమ్మేదీ అదే. నెల చివర్లో సేటు నన్ను పిలిచాడు. "గిదొక్కటి అమ్ము, నీ నౌకరి పక్కా. వచ్చే ఐతారం దాటితే మాత్రం సిరిసిల్ల బస్సెక్కు. నాకు నీ మీద కోపమేం లేదు, కని ఉపన్యాసాలకు జీతమియ్యలేను." ఆ రాత్రి నాకు నిద్రలో కూడా సాంచాల చప్పుడే.

దేవుడు పంపినట్టు ఆ వారంలోనే మస్కట్ అన్న షోరూమ్‌కు వచ్చాడు. కోరుట్ల ఆయన, మస్కట్‌లో క్రేన్ నడిపేవాడు, రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చేవాడు. ఈసారి తన కోసం ఒక బండి కొనుక్కోవాలని మనసు పడ్డాడు. మనిషి మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. నేను మా బండికీ, దాని పోటీ బండ్లకూ తేడాలన్నీ అరగంట చెప్పాను. అంతా విని, "మాటలు వద్దు తమ్మీ. మూడు బండ్లు ఒక్క తొవ్వ మీద తోలి చూస్తా. అమ్మ గూడ చూడాలె. ఐతారం కొండగట్టుకు పోతున్నం, గక్కడికి పట్టుకరా" అన్నాడు. పోటీ బండ్లలో ఒకటి సిరిసిల్లలో మా బావ దగ్గరే ఉంది, మా బండి ధరలోనే వచ్చేది, సీటు కిందికి ఉండే సాధువైన బండి. (మా అక్క తిట్లకు భయపడి బావ దాన్ని ఎప్పుడూ నలభై దాటించేవాడు కాదు.) రెండోది రెండు సిలిండర్ల బరువైన బండి, దాన్ని అన్న తన దోస్తు దగ్గర అడిగి తెచ్చుకున్నాడు.

ఆదివారం పొద్దున బావ వేములవాడ మీదుగా వచ్చాడు. అన్న వాళ్లమ్మను వెనక కూర్చోబెట్టుకుని కోరుట్ల నుంచి వచ్చాడు. నేను జగిత్యాల నుంచి సూపర్‌మోటో మీద, ఆగాల్సిన ప్రతిచోటా మునివేళ్ల మీద నిలబడుతూ వచ్చాను. (నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఈ సంగతి నేను ఏ కంపారిజన్‌లోనూ చెప్పలేదు.) అన్న ఒక్కో బండి తీసుకుని ఘాట్ రోడ్డు కిందికి దిగి, పైకి వస్తున్నాడు. వాళ్లమ్మ (నేను పెద్దమ్మా అని పిలిచాను) ఒక అరుగు మీద కూర్చుని చూస్తోంది. నేను పక్కన నిలబడి లెక్కలు వినిపిస్తున్నాను.

"దానికి రెండు సిలిండర్లంటివి, దీనికి ఒక్కటే అంటివి. మరి పైసలు సగమే ఉండాలె గద కొడుకా?"

"ఒక్కటే ఉంటే బరువు తక్కువ పెద్దమ్మా. మలుపుల కాడ అలకగ తిరుగుతది."

"ఒక్క ఎద్దును కట్టి దున్నినట్టన్నమాట" అందామె. తర్వాత మా బండి ఎక్కి చూస్తానంది. అరుగు మీద నుంచి ఎక్కినా కష్టమే అయింది. పైన కూర్చుని నలుదిక్కులా చూసి, "గిది బండా, అటకనా? ఈడికెళ్ళి మా కోరుట్ల కనవడేటట్టున్నది" అంది. నేను నవ్వలేకపోయాను. సాయంత్రానికి సిరిసిల్ల బస్సెక్కాల్సిన వాడికి నవ్వెక్కడిది?

ఇక దర్శనం చేసుకుని వచ్చి తేలుస్తామని ముగ్గురూ పైకి వెళ్లారు. (బావ కూడా మొక్కుందని వెళ్లాడు. బావకు ఎక్కడికి పోయినా ఒక మొక్కుంటుంది.) నన్ను బండ్ల దగ్గర కాపలా పెట్టారు. నేను నిలబెట్టింది సరిగ్గా వాహనపూజలు చేసే చోట. మా ముందు ఒక ట్రాక్టరు, దాని చుట్టూ మల్యాల దిక్కు కుటుంబం ఒకటి, బంతిపూల దండలు, కొబ్బరికాయలు. మా దిక్కు కొత్త బండి కొన్నవాడు అంజన్న (కొండగట్టు ఆంజనేయస్వామి) ముందు పూజ కాకుండా దాన్ని ఇంటి గుమ్మం దాకా తీసుకుపోడు. ట్రాక్టరు పూజ ముగించుకుని పంతులుగారు నేరుగా నా దగ్గరికి వచ్చారు. "కొత్త బండేనా? మీ పేరు, గోత్రం చెప్పండి" అన్నారు.

చెప్పండి అన్నారు. నన్ను. అప్పటిదాకా నన్ను అరేయ్ అననివాడు జగిత్యాలలో లేడు. అంతలో ట్రాక్టరు వాళ్ల ఆడమనిషి బండిని పైనుంచి కిందిదాకా చూసి, "మంచిగున్నది తమ్మీ, నీదేనా?" అని అడిగింది. కాదనాలనే నోరు తెరిచాను. ఆ నోట్లోంచి "నాదే అక్కా" అని వచ్చింది. ఆ తర్వాత పేరు వచ్చింది, గోత్రం వచ్చింది, మా నాయన పేరు కూడా వచ్చింది. దండ పడింది, ట్యాంకు మీద సిందూరం పడింది, నా నుదుట ఇంత బొట్టు పడింది. కొబ్బరికాయ కొట్టింది కూడా నేనే. జీవితంలో మొదటిసారి ఒక వస్తువుకు యజమానినై చేతులు జోడించి నిలబడ్డాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ పది నిమిషాలు నాకు ఉద్యోగం గుర్తు రాలేదు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఇక తొక్కించమన్నారు. బండెక్కాను. నేల కొంచెం ఏటవాలుగా ఉండటంతో కుడికాలికి అందలేదు. బండి నెమ్మదిగా ఒరుగుతుంటే ట్రాక్టరు వాళ్లు నలుగురూ వచ్చి, బండిని ఇద్దరు, నన్ను ఇద్దరు పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడు ప్రసాదం పొట్లాలతో పెద్దమ్మ, అన్న, మా బావ వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"ఏందిది తమ్మీ, బండి ఎవలన్నా కొన్నరా?" అన్నాడు అన్న.

నేను నోరెత్తకముందే ట్రాక్టరు అక్క జవాబిచ్చింది. "గీ పిలగానిదే అన్నా. ఇప్పుడే పూజైంది. కాళ్లు అందుతలేవు గని బండి మంచిగున్నది."

"బామ్మర్దీ, ఎప్పుడు కొన్నవు? అక్కకు చెప్పినవా?" అని మా బావ నిజంగానే అడిగాడు. దిగాను. (దించారు అనాలి.) జరిగింది జరిగినట్టు చెప్పేశాను. అన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి, దండను ముట్టుకుని చూసి, "వేరేటోని పేరు మీద పూజైనంక గిది సెకండ్ హ్యాండే గద తమ్మీ" అన్నాడు. మా వాళ్ల లెక్కలో ఆ మాట అక్షరాలా నిజం. ఆర్సీ మీద పేరు మార్చొచ్చు, అంజన్న ముందు చెప్పిన పేరు ఎట్లా మారుస్తారు? ఆయన మా బావ బండి వైపు తిరిగి సీటు తడుముతున్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉద్యోగం సంగతి, సాంచాల సంగతి, వాడకట్టంతా చెప్పుకున్న మా నాయన సంగతి అంతా పెద్దమ్మ ముందు కక్కేశాను. ఆమె ప్రసాదం పొట్లం విప్పి నా చేతిలో పెట్టింది.

"పొద్దటిసంది నోటికొచ్చిందల్ల చెప్పినవు. ఇప్పుడు దేవుని కాడ అబద్ధమాడకుంట చెప్పు కొడుకా. మూడిట్ల ఏది మంచిది?"

ఎట్లాగూ అంతా అయిపోయింది కదా అని చెప్పాను. "దినాం బజారుకు పోవుటానికైతే మా బావ బండి మంచిది పెద్దమ్మా. హైదరాబాద్ దాక పోవాల్నంటే రెండు సిలిండర్లది. మా దానికి ట్యాంకు చిన్నది, సీటు గట్టిది, నువ్వెక్కలేవు, నాకు కాళ్లే అందయి. కని అన్న పొద్దున మూడు తోలిండు గద. గా రెండిటి మీదికెళ్ళి దిగి బండి గురించి మాట్లాడిండు. దీని మీదికెళ్ళి దిగినప్పుడు నవ్విండు."

పెద్దమ్మ బావ బండి దగ్గరున్న కొడుకు వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది. "నేను గూడ చూసిన. వాడొచ్చి ఇరవై దినాలాయె, గట్ల నవ్వంగ చూసుడు గదే మొదలు." కొడుకును పిలిచింది. "ఇదే తీసుకో. పూజైతే ఏమాయె? నువ్వు నెలైతే పోతవు. రెండేండ్లు ఇది మూలకు పడి ఉంటది. నాకు నడపొస్తదా? వీని పేరు మీద పూజైంది గాబట్టి దీని బాగోగులు వీనియే. నెలకు రెండు ఐతారాలు కోరుట్లకొచ్చి వీడే తిప్పాలె. గట్లైతేనే కొందాం." అన్న నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూడలేకపోయాను. "కాళ్లందయి గదనే అమ్మా" అన్నాడు. "మా అరుగు మీదికెళ్ళి ఎక్కుతడు" అందామె. అట్లా నా ఉద్యోగం నిలిచింది. (దండతో తిరిగొచ్చిన బండిని చూసి సేటు, "షోరూమ్ల పూజ గూడ ఫ్రీ పెట్టినవార" అని మాత్రం అన్నాడు.)

మాట ఇచ్చాను కాబట్టి వెళ్లాను. మొదటి నాలుగు ఆదివారాలు మొక్కుబడిగానే వెళ్లాను. అరుగు మీది నుంచి ఎక్కి, మెట్‌పల్లి రోడ్డు మీద కాస్త దూరం పోయి, తిరిగి వచ్చి తుడిచి, కవర్ కప్పేవాణ్ని. పోబోతుంటే పెద్దమ్మ కంచం పెట్టేది. పచ్చిపులుసు, సర్వపిండి, ఏదో ఒకటి. తింటుంటే మస్కట్ నుంచి వీడియో కాల్ వచ్చేది. అన్న నాతో రెండు మాటలకు మించి మాట్లాడేవాడు కాదు. "తమ్మీ, ఫోన్ సైలెన్సర్ కాడ పెట్టు" అనేవాడు. పెట్టేవాణ్ని. ఆ ఒంటి సిలిండర్ దడదడ అక్కడ ఆరుగురుండే ఆయన గదిలో మోగేది. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. ఆ చప్పుడు వెనక పెద్దమ్మ గిన్నెలు సర్దే చప్పుడు కూడా వినబడుతుండేదని నాకు చాలా రోజుల తర్వాత గాని తట్టలేదు. అప్పటి నుంచి ఫోన్‌ను కొంచెం వంటింటి వైపు తిప్పి పట్టుకునేవాణ్ని. షోరూమ్‌లోనూ నాకు తెలియకుండానే మాట తగ్గింది. వచ్చినవాడిని మీకు ఏం పని ఉంటుందని అడగడం, ఆయన చెప్పింది వినడం మొదలుపెట్టాను. బండ్లు అమ్ముడుపోయాయి. మా నాయన ఆ సంగతి కూడా వాడకట్టంతటికీ చెప్పాడు.

పోయిన ఏడు మస్కట్ అన్న అక్కడి పని మానేసి పూర్తిగా ఇంటికి వచ్చేశాడు. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, దండం పెట్టి వచ్చాను. రెండు వారాల తర్వాత ఆదివారం పొద్దున, ఏం ఆలోచించకుండా కోరుట్ల బస్సెక్కి వాళ్లింటి ముందు దిగాను. అరుగు పక్కన బండి లేదు, కవర్ మడిచి పెట్టి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, నాకిక్కడ ఇక పనేమీ లేదని. తిరిగి పోదామా, పోతే చూసినవాళ్లు ఏమనుకుంటారో అని గేటు దగ్గర తటపటాయిస్తుంటే లోపలి నుంచి పెద్దమ్మ వచ్చింది.

"వాడు బండి మీద యాడికో పోయిండు" అంది.

"గట్లనా పెద్దమ్మా. ఊకెనే అచ్చిన. మళ్ల అస్త."

"బండి లేకుంటే ఏమాయె? కాళ్లు కడుక్కో, అన్నం పెడ్త" అని, నా జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లి రెండు కంచాలు కడిగింది.