రెండో మంత్రి

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లోనైనా పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తే చాలు, ఆ ఘాటు మెట్ల మీదుగా పైకి పాకి నా గదిలోకి వచ్చేసరికి దగ్గుతో పాటు కోపం కూడా ముంచుకొస్తుంది. నందిగామలో మా మామయ్య వసారాలో మిరపకాయల బస్తాలు ఉండేవి. ఆ ఘాటులోనే మా నాన్న పరువు పోయింది. డెబ్భై దాటిన దానికి ఇంకా పగలేమిటంటారు. ఉన్నాయి, ఏం చేయమంటారు?

మాది జగ్గయ్యపేట. వేసవిలో నాపరాళ్ళ అరుగు మీద నీళ్ళు చల్లి అది చల్లబడ్డాక, వానాకాలంలో చూరునీళ్ళు ధారకట్టి పడుతుంటే ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, సుద్దతో గళ్ళు గీసి, రంగు పాలిపోయిన కొండపల్లి కొయ్యబొమ్మలు పేర్చి నాన్న చదరంగం ఆడేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏనుగు తిన్నగా, శకటు ఏటవాలుగా అని ఎత్తులన్నీ నేర్పాడు. మాది నాటు ఆట. బంటు ఎప్పుడూ ఒక్క గడే కదులుతుంది, అవతలి కొసకు చేరితే ఏ గడిలో దిగిందో ఆ గడి బొమ్మే అవుతుంది. గుర్రం గడిలో దిగితే గుర్రమే, అంతకు మించి ఆశపడకూడదు.

దసరాకి చిల్లకల్లు మీదుగా బస్సులో నందిగామ, మేనత్త ఇంటికి వెళ్ళేవాళ్ళం. పొగలు కక్కే బూరెకి వేలితో చిల్లు పెట్టి అత్తయ్య నెయ్యి పోసేది. గారెల్లోకి అల్లం పచ్చడి, అరిటాకు మీద పులిహోర, భోజనాలయ్యాక వసారాలో బావా బావమరుదుల చదరంగం. మామయ్య ప్లీడరు. ఆయన కోర్టు స్నేహితులు చుట్టూ చేరి నశ్యం పీలుస్తూ చూసేవారు. ఆ ఏడు నాన్న ఏనుగుతో రాజును నిలదీసి, ఆట కట్టేశానని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మామయ్య తాపీగా, అప్పటిదాకా కదలని బంటొకదాన్ని రెండు గళ్ళు దూకించి ఏనుగుకి అడ్డం పెట్టాడు.

"ఇదెక్కడి ఆట బావా?" అన్నాడు నాన్న.

"పుస్తకం ఆటోయ్. అమెరికావాడు రాశాడు. బంటు మొదటిసారి రెండు గళ్ళు దూకొచ్చు. చదువుకున్నోళ్ళకి తెలుస్తయ్యి ఇలాంటివి."

ప్లీడర్లందరూ గొల్లున నవ్వారు. ముందే చెప్పాలిగా అని అడగకుండా నాన్న మిగతా ఆట ఆడాడు. ఓడిపోయి, ఇంటికొచ్చి, బొమ్మలన్నీ గుడ్డసంచిలో కట్టి అటక మీద పడేశాడు. సాయంత్రాలు అరుగు మీద ఊరికే కూర్చుని రోడ్డుకేసి చూసేవాడు. ఆ ముఖం చూస్తే నాకు అన్నం సహించేది కాదు. మామయ్యే మా గుమ్మంలోకి వచ్చి నాన్నని ఆటకి పిలవాలి, అది నేను చూడాలి, అంతే నాకు కావలసింది.

మరు వేసవిలో ఆవకాయకి సాయం వచ్చిన అత్తయ్య, ఆవపిండి చేతులు కడుక్కుని, చీరల మూటలోంచి ఆ పుస్తకమే తీసి నా ఒళ్ళో పడేసింది.

"మీ మామయ్య ముందు నాలుగు పేజీలు చదివి ఊరంతా మిడిసిపడుతున్నాడే. నువ్వు మొత్తం చదువు. ఆయన రోగం కుదర్చు."

చివర్లో రాసినాయన జీవితం ఉంది. దర్జీ కొడుకట. నిక్కర్ల వయసులోనే గడ్డాలవాళ్ళని ఓడించాడట. పెద్దయ్యాక పగలు ఇన్సూరెన్సు కంపెనీలో గుమాస్తా, సెలవుల్లో పోటీలు. ఒక పెద్ద ఆటగాడు ఈయనతో చెయ్యి కలపనన్నాడట. ఈయన కిమ్మనకుండా ఉద్యోగం చేసుకుంటూ, ఆ మనిషి ఆడిన ఆటలన్నీ వెతికి వెతికి చదివి, ఏళ్ళ తర్వాత అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి చిత్తు చేశాడు. ప్రపంచ కిరీటం మాత్రం ఆయనకి ఎన్నడూ దక్కలేదు. ఫొటోలో బట్టతల, బిగించిన కాలరు, నవ్వని నోరు. నాకు దేవుడిలా కనిపించాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, చింతపిక్కలే బొమ్మలుగా, హైస్కూలు రోజులన్నీ ఆ పుస్తకాన్ని నమిలి మింగాను.

స్కూలు ఫైనలు చదివే ఏడు దసరాకి, అదే వసారాలో, అదే ప్లీడర్ల ముందు అడిగాను.

"మామయ్యా, నాతో ఆడతారా? నేను గెలిస్తే మా ఊరొచ్చి నాన్నని ఆటకి పిలవాలి."

"ఓసి నీ! అట్టాగే కోడలా, రా."

"పుస్తకం ఆటేగా?"

"పుస్తకం ఆటే. మాకు నాటు ఆటలు రావు," అని స్నేహితుల వైపు చూసి కన్నుకొట్టాడు.

నా బంటొకటి ఆయన గుర్రం గడి వైపు పోతుంటే ఆపలేదు. అవుతే గుర్రం అవుతుంది, గుర్రంతో ఇదేం చేస్తుందిలే అనుకున్నాడు. నా మంత్రి బల్ల మీదే ఉంది. బంటు దిగగానే, పోయిన ఏనుగొకదాన్ని తలకిందులుగా అక్కడ నిలబెట్టి "ఇది మంత్రి" అన్నాను.

"రెండు మంత్రులేంటే? నీ మొహం!"

"పుస్తకం ఆట మామయ్యా. చదువుకున్నోళ్ళకి తెలుస్తయ్యి."

పుస్తకం తెచ్చి, బంటు ఏ గడిలో దిగినా కోరిన బొమ్మ కావచ్చని రాసిన పేజీ చూపించాను. నాలుగెత్తుల్లో ఆట కట్టు. గుమ్మం వెనక అత్తయ్య గాజులు గలగలలాడాయి. అబ్బ, ఆ రోజు తిన్న బూరెల రుచి మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

మాట ప్రకారం దీపావళి ముందు ఆదివారం మామయ్య మా ఊరొచ్చాడు. నాన్న అటకెక్కి సంచి దించాడు. నేను సంతోషంగా సుద్ద తెచ్చి గళ్ళు గీశాను. బొమ్మలు పేరుస్తూ మామయ్య అన్నాడు: "నీ కూతురు ఓడించిందనుకుంటోందోయ్. పసిపిల్ల, పండగపూట ఏడిపించడం దేనికని వదిలేశా."

"నాకు తెలీదా బావా," అని నాన్న హాయిగా నవ్వాడు. "అమ్మాయ్, మామయ్యకి కాఫీ పట్రా. ఆడోళ్ళకి ఇక్కడేం పని?"

ఆ తర్వాత ఆదివారాలన్నీ వాళ్ళవే. కాఫీలు నావి. నన్ను ఒక్కసారి ఎదుట కూర్చోబెట్టి చూస్తే నిజం తేలిపోయేది. నాన్న పోయేదాకా ఆ పని చేయలేదు.

ఇప్పుడు ఆ అరుగు లేదు, దాని మీదుగా రోడ్డు వెడల్పు చేశారు. గుర్రం గడిలో దిగిన బంటు గుర్రమే అవుతుందని చెప్పే మనిషి ఒక్కడూ మిగల్లేదు. సాయంత్రాలు కింద హాల్లో రిటైరైన మగవాళ్ళు చదరంగం ఆడుతుంటారు. నేనూ వెళ్తాను, జాలి లేకుండా ఓడిస్తాను. పాపం వాళ్ళేం చేశారు, అయినా వదలను. "ఇంత బాగా ఎవరు నేర్పారు మేడమ్?" అని అడుగుతారు. అమెరికాలో ఒకాయన అంటాను. నాన్న పేరు చెప్పను.