బంబులో పోయని నీళ్లు

ఆదిలాబాద్ చలి గురించి ఎవరైనా గొప్పగా చెబుతుంటే నేను లేచి అవతలికి పోతాను. వాళ్లకు అది ముచ్చట. నాకు మాత్రం ఆ మాట వింటే కాలిన రాగి వాసన గుర్తొస్తుంది.

డెబ్బైల చివర్లో మేము అక్కడ ఉండేవాళ్లం. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపు పత్తి జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. చలికాలం వచ్చిందంటే మా వీధి నిండా తెలుపే. పొద్దున తొమ్మిది దాకా ఎదుటి ఇల్లు కనపడనంత మంచు. అది విడిపోయాక చూస్తే, మిల్లుకు పోయే బండ్ల నుంచి రాలిన దూది తుమ్మకొమ్మలకూ కరెంటు తీగలకూ చిక్కుకుని ఉండేది. కొన్ని పొద్దుల్లో పెరటి గడ్డి మీద మంచు పేరుకుని ఉప్పు చల్లినట్టు కనిపించేది.

ఇంట్లో రోజుకో తిప్పలు. పాలు తోడుకోవు. సీసాలో కొబ్బరినూనె గడ్డకడితే అవ్వ దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టి మరిచిపోయింది. సీసా పగిలి నూనె అంతా బూడిదపాలు. బాపు తనకున్న ఒక్క స్వెట్టరును కుంపటి మీద ఆరబెట్టుకోబోయి చెయ్యి దగ్గర కాల్చుకున్నాడు. ఆ చలికాలమంతా ఒక మోచేయి బయటపెట్టుకునే మిల్లుకు పోయాడు. వాటన్నిటికీ నవ్వుకున్నాం. నవ్వుకోలేని పని ఒకటి నేను చేశాను.

మా ఇంట్లో బంబు ఉండేది. నీళ్లు కాచుకునే బాయిలర్‌ను అక్కడి మరాఠీవాళ్లు అలా అంటారు, మాకూ అదే అలవాటైంది. నడుమెత్తు రాగి పీపా, మూడు కాళ్లు, మధ్యలో నిలువునా ఒక గొట్టం. గొట్టంలో కట్టెలు మండుతుంటే చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. పక్కనున్న నల్లా తిప్పితే పొగలు కక్కుతూ వేడినీళ్లు వస్తాయి. దానికి ఒక్కటే నియమం. ఎన్ని వేడినీళ్లు పట్టుకుంటే అన్ని చన్నీళ్లు పైనుంచి పోయాలి. లోపల నీళ్లు తగ్గి గొట్టం ఎండిందా, అతుకులు కరిగిపోతాయి.

బంబు పెత్తనం బాపమ్మది, అంటే బాపువాళ్ల అమ్మది. తాత పోయాక, లక్సెట్టిపేట దగ్గరి మా ఊళ్లో భూమి కౌలుకిచ్చి బాపు ఆమెను మా దగ్గరికి తెచ్చాడు. ఊళ్లో ఇరవై మంది కూలీలను ఒక్క కేకతో నడిపించిన మనిషి. ఇక్కడికొస్తే వంటిల్లు అవ్వది, బజారు బాపుది, వీధిలో వినపడేది సగం మరాఠీ. ఆమెకు మిగిలింది బంబు ఒక్కటే. దాన్నే పొలంలా చూసుకుంది. అందరికన్నా ముందు లేచి, పెరటి తొట్టి, గోలెంలోని నీళ్లతో బంబు నింపి, పత్తికట్టె విరిచి మంట పెట్టేది. గొంగడి కప్పుకుని పీట మీద కూర్చునేది. పక్కింటి మరాఠీ ముసలమ్మ వచ్చి చేతులు కాచుకునేది. ఈమె తెలుగులో, ఆమె మరాఠీలో కోడళ్ల గురించి చెప్పుకుని, తృప్తిగా తలలూపుకునేవాళ్లు.

ఎవరు నీళ్లు పట్టుకున్నా బాపమ్మ ఒకటే అడిగేది, "పోసినవా?" అని. చూపు మందగించడంతో బంబు మూత తీసి తొంగి చూసినా లోపల నీళ్లు ఎంతున్నాయో ఆమెకు తెలిసేది కాదు. మా నోటి మాట మీదే మంట వేసేది.

ఆ రోజు బడిలో మా పదో తరగతి ఫొటో. నాకు నా జుట్టంటే మహా పొగరు. కుంకుడుకాయతో తలంటుకున్నాను. నురుగు వదలక రెండో బకెట్టు పట్టుకున్నాను, అదీ చాలక మూడోది. మూడు బకెట్ల నీళ్లు తిరిగి పోయాలి. బాపమ్మ పెరటి చివర కట్టె విరుచుకుంటోంది. గోలెంలో చెంబు ముంచాను. నీళ్లు వేళ్లను కొరికేశాయి. ఒక్క చెంబు పోసి, మిగతావి బాపు పోస్తాడులే అనుకున్నాను.

బాపమ్మ చంకలో కట్టెతో వచ్చింది.

"పోసినవా బిడ్డా?"

"పోసిన బాపమ్మా."

తల తుడుచుకుంటూనే అన్నాను. ఆమె తెచ్చిన కట్టె అంతా గొట్టంలోకి తోసింది.

నేను జడ వేసుకుంటుంటే బాపు నీళ్ల కోసం వచ్చాడు. నల్లా తిప్పితే బుస్సుమని ఆవిరి తప్ప చుక్క రాలేదు. కంగారుపడి బకెట్టెడు చన్నీళ్లు ఒక్కసారే పైనుంచి గుమ్మరించాడు. టప్పుమని పెద్ద చప్పుడు. బంబు అతుకు కింది దాకా విచ్చుకుని, బూడిద నీళ్లు వసారా అంతా పారాయి. మరాఠీ ముసలమ్మ చీర ఎత్తిపట్టుకుని వాళ్లింటికి పరుగెత్తింది.

"నీళ్లు లేకుంటనే మంట పెడ్తివా అవ్వా?" బాపు అరిచాడు. "కండ్లు కానస్తలేవంటె జర చెప్పొద్దా? ఇల్లు కాలిపోతే ఎట్ల?"

"అందరు పోసిన్రు కదరా," అంది బాపమ్మ. తడిసిన గొంగడితో అలాగే నిలబడి నా వైపు తిరిగింది. "బిడ్డా, నువ్వు పోసినవు కద?"

అప్పుడైనా చెప్పాల్సింది. "పోసిన అని చెప్పిన కద బాపమ్మా" అన్నాను, అదీ విసురుగా.

ఆమె బూడిదలోకి చూసింది. "అయితె నేనే పొద్దుగాల నింపుడు మర్చిన్నేమో," అంది.

ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. జుట్టు నిగనిగలాడుతోంది.

బాపు కోపానికి భయపడి చెప్పలేదని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. భయం ఆ ఒక్కరోజే. తర్వాత, గడిచిపోయింది కదా అన్న నిర్లక్ష్యం.

కానీ బాపమ్మకు గడిచిపోలేదు. బంబు అతుకు వేయించడానికి కూడా పనికిరాదన్నారు. బాపు కరీంనగర్ పోయి బకెట్టులో పెట్టే కరెంటు హీటరు తెచ్చాడు. దాన్ని ముట్టుకోవద్దని బాపమ్మకు గట్టిగా చెప్పాడు. మంట లేని చోటికి మరాఠీ ముసలమ్మ రావడం మానేసింది. బాపమ్మ మాత్రం అదే వేళకు లేచి, వసారా మెట్టు మీద చేతులు గొంగడిలో పెట్టుకుని ఊరికే కూర్చునేది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి. ఆమెకు తన మీద తనకే నమ్మకం పోయింది. "తలుపు గొళ్లెం పెట్టిన్నా?" "గోలీ ఏసుకున్ననా?" "పప్పుల ఉప్పేసిన్నా?" రోజుకు పదిసార్లు అడిగేది. అవ్వ కూడా విసుగుతో "నువ్వు కూసో అత్తమ్మా, నేను చూసుకుంట" అని చేతిలోది లాక్కునేది. నిజానికి ఆమె ఏదీ మరిచిపోయేది కాదు. గొళ్లెం పెట్టే ఉండేది, ఉప్పు వేసే ఉండేది. చూసి చెప్పమని ఆమె పిలిచేది నన్నే.

ఇంటర్ చదవడానికి కరీంనగర్ పోయాను. హాస్టల్లో పొద్దున్నే గోలెంలో చెంబు ముంచినప్పుడల్లా "పోసినవా?" అన్న ఆ ప్రశ్న చెవిలో పడేది. రెండో ఏడాది చలికాలం, అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక ఇంటికి వచ్చిన మర్నాడే మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాను. మంచులో గోడ కూడా సరిగా కనపడటం లేదు. వసారాలో బకెట్టులో హీటరు పెట్టి ఉంది.

"బాపమ్మా, ఆనాడు బంబు పలిగింది నాతోటి. నేను మూడు బకెట్లు పట్టుకున్న. పోయలే. పోసిన అని అబద్ధం చెప్పిన."

ఏడుపొచ్చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టమని కోరుకున్నాను కూడా.

ఆమె నవ్వింది. గొంగడిలోంచి చెయ్యి తీసి నా చెంప నిమిరింది.

"ఊకో బిడ్డా. ముసల్దానికి మతిలేకపాయె అని అందరంటున్నరని, నా తప్పు నీ నెత్తిన ఏసుకుంటవా? నాకు తెల్వదా, నేనే మర్చిన."

"లేదు బాపమ్మా, ఒట్టు."

"ఒట్లు పెట్టకు. నీ మనసు మంచిది." వసారా వైపు తల తిప్పింది. "జర పోయి ఆ బకెట్ల నీళ్లున్నయో లేవో చూడు. మీ అవ్వ పెట్టి పోయింది. నాకు గుబులైతది. నువ్వు చూసి చెప్తె నాకు ధైర్యం."

లేచి వెళ్లాను. నీళ్లు నిండుగానే ఉన్నాయి. అయినా స్విచ్చి ఆర్పి, హీటరు తీసి పక్కన పెట్టి, గోలెంలో చెంబు ముంచాను. వేళ్లు కొంకర్లు పోయాయి. బకెట్టు పొర్లి నా పాదాలు తడిసేదాకా పోశాను.

చప్పుడు విన్నట్టుంది. మెట్టు మీది నుంచే అడిగింది.

"పోసినవా బిడ్డా?"

"పోసిన బాపమ్మా," అన్నాను.

ఆనాడు ఎలా నమ్మిందో అలాగే నమ్మి, చేతులు మళ్లీ గొంగడిలో పెట్టుకుంది.