నీళ్లడిగిన మాట

ఆ నిర్మాతను నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పడం నా బతుకుతెరువు. తీరిక దొరికితే మరికొందరితో కలిసి శరణార్థుల కోసం తిరుగుతుంటాను. వాళ్లకి ఇల్లు అద్దెకివ్వండి, పిల్లల్ని బడిలో చేర్చుకోండి అని బతిమాలడం, వినకపోతే అట్టలు పట్టుకుని రోడ్డు మీద నిలబడడం. అలా తిరిగి తిరిగే షేక్‌పేటలో ఒకావిడకి గది ఇప్పించాం. కూతుర్ని వెంటబెట్టుకుని సోమాలియా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన మనిషి. నన్ను అక్కా అనేది.

శరణార్థుల కష్టాల మీద సినిమా అని చెప్పి ఆ నిర్మాత మనుషులు ఆవిడను ఒక సీన్‌కి తీసుకెళ్లారు. తెలుగు రాదంటే, "ఏదో ఒకటి అనమ్మా, పెదాలు కదిలితే చాలు, తర్వాత డబ్బింగ్‌లో చూసుకుంటాం" అన్నారు. మా దగ్గర ఇది మామూలే. భాష రాని హీరోయిన్లు అంకెలు లెక్కపెడతారు, వాటి మీద మేం ప్రేమ మాటలు పోస్తాం. ఈవిడకి ఆ తంతు తెలియదు. వచ్చిన దారి పొడవునా ఏ మాట అంటూ వచ్చిందో, వాళ్ల భాషలో అదే అంది. "మా పాపకి జ్వరం, కొంచెం నీళ్లివ్వండి."

ట్రైలర్‌లో ఆ పెదాల మీద "మీ ఊరంతా తగలబెడతాం" అని ఎవరిదో గొంతు అతికించారు.

ఇంకేముంది, వీధంతా ఫోన్లలో అదే. ఇంటి ఓనర్ సామాను బయట పెట్టించాడు. "సిన్మాల గట్ల అన్నామెకు ఇల్లెట్ల ఇయ్యాలె మేడమ్? మాకూ పిల్లలున్నరు" అన్నాడు. గిన్నెల మూట మీద పాప కూర్చుని ఉంది. తల్లి వచ్చీరాని హిందీలో నన్నొకటే అడిగింది, "నేనేమన్నానక్కా?" అని. ఆ తెలుగు మాటకి అర్థం చెప్పేసరికి నా ఒళ్లు మండిపోయింది.

ఆ సినిమాలో హీరోయిన్‌కి గొంతు నాదే. ఇంకా చెప్పాల్సిన సీన్లు మిగిలే ఉన్నాయి, విడుదల దగ్గరపడింది. మర్నాడే నా గొంతు పట్టేసింది. తల్లీకూతుళ్లని మా ఇంట్లో పెట్టుకుని, మిరియాల పాలు తాగుతూ హాయిగా కూర్చున్నాను. చివరికి నిర్మాతే ఫోన్ చేశారు.

"గొంతు ఎప్పటికి వస్తుందమ్మా?"

"ఆవిడ మాట ఆవిడ గొంతుతోనే వినబడాలండీ, కింద తెలుగు అర్థంతో. మీరే షేక్‌పేట వచ్చి ఓనర్‌కి నిజం చెప్పాలి. ఆవిడ సామాను లోపలికెళ్లగానే నా గొంతు వస్తుంది."

"బెదిరిస్తున్నారా?"

"అవునండీ."

ట్రైలర్ మార్చారు. గల్లీలో కారు పట్టక నిర్మాత నడిచి వచ్చారు. ఆ తెల్ల బూట్లకి బురద అంటుతుంటే కడుపు నిండినట్టయింది నాకు, దాచుకోవడం ఎందుకు. ఓనర్ ముందు నిలబడి, అదంతా తాము అతికించిందేనని, ఆవిడ మంచి మనిషేనని నసుగుతూ చెప్పారు. ఓనర్ సాంతం విన్నాడు.

"మంచామె అంటున్నరు గద సార్. జూబ్లీ హిల్స్‌ల గంత పెద్ద ఇల్లు మీది. జర మీరే జాగ ఇయ్యరాదు?"

నాకే తట్టని మాట అది. నిర్మాత నావైపు చూశారు. నేను గొంతు పట్టుకుని గట్టిగా దగ్గాను.

ఆయన అవుట్‌హౌస్ ఖాళీ చేయించారు. వెళతావా అని ఆవిడను అడిగితే, "వెళతానక్కా. నా మొహం రోజూ చూడనీ" అంది.

సామాను దించిన రోజు నేనూ వెళ్లాను. ఆయన పోర్టికోలో నిలబడి ఉన్నారు. ఆవిడ ఖాళీ సీసా పట్టుకుని నేరుగా ఆయన ముందుకెళ్లి, వాళ్ల భాషలో ఆ మాటే అంది, షూటింగ్‌లో అన్నట్టే. ఆయన అర్థం చెప్పమన్నట్టు నావైపు చూశారు.

నేను నోరు విప్పలేదు. ఆయనే లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చారు.