నాలుగణాల ఎరుపు

ఆ రోజు మా నారాయణఖేడ్‌లో ఒక చోటా నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ చేస్తున్నాను. ఎవరి తల ఎంత పెద్దదిగా, ఎవరి తల పక్కన ఉండాలన్నదే ఆ పనిలో ఉన్న కళంతా. మధ్యలో కుడి కంట్లో నలక పడింది. ఆ కన్ను మూసి నలుపుకుంటూ ఎడమ కన్నుతో స్క్రీన్ చూశాను. నాయకుడి మెడలోని గులాబీల దండ ఇటుక పొడి రంగులో ఉంది. కుడి కన్ను తెరిస్తే మళ్ళీ ఎర్రబడింది. ఎడమ కన్ను అటూ ఇటూ తిప్పితే లోపలెక్కడో నొప్పి. నిద్ర చాలలేదనుకుని పని ముగించాను.

నేను ఫ్రీలాన్స్ డిజైనర్‌ని. అన్నావదినల ఇంట్లో ముందు గదే నా ఆఫీసు. ఊళ్ళో వాళ్ళు నా పనికి పెట్టిన పేరు కంప్యూటర్ కొట్టుడు. అందుకే రోగం పేరు తెలియకముందే కారణం అందరికీ తెలిసిపోయింది. మెడికల్ షాపతను నా కంట్లోకి తొంగి కూడా చూడకుండా, కంప్యూటర్ కొట్టి కొట్టి కండ్లు ఎండినయని చుక్కల మందు చేతిలో పెట్టాడు. పక్కింటి పెద్దమ్మ నందివర్ధనం పూలు పట్టుకొచ్చి రసం పిండుతానని కూర్చుంది. మా అన్న బస్టాండ్ దగ్గర నీలం అద్దాల కళ్ళజోడు కొనుక్కొచ్చాడు. చదవకుండానే వచ్చే విద్య ఈ లోకంలో వైద్యమొక్కటే.

వారం తిరిగేలోపు ఎడమ కంటి ముందు పొగమంచు కమ్మింది. మా వదిన సుజాత తక్కువ మాట్లాడే మనిషి. నా పక్కన నిలబడి పూల రసం గిన్నె తీసి బయట పారబోసింది.

"ఇగ చాలు. పొద్దుగాల బస్సుకు పట్నం పోదాం" అంది.

హైదరాబాద్ కంటి ఆసుపత్రిలో పెద్ద వయసు డాక్టర్ చూశాడు. మందు సీసా ఎర్ర మూత నా ముందు పెట్టి ఒక్కో కన్ను మూయించాడు. "కుడి కన్నుకు ఈ ఎరుపు పదహారణాలు అనుకోమ్మా. మరి ఎడమ కన్నుకు ఎన్నణాలు?" అని అడిగాడు. నాలుగణాలు అన్నాను. ఆ మాట నా నోటితో నేనే చెప్పాక ఏడుపొచ్చింది. రంగులే నాకు తిండి పెడుతున్నాయి మరి.

విజువల్ ఫీల్డ్ టెస్ట్ చేశారు, ఎమ్మారై తీశారు. ఆప్టిక్ న్యూరైటిస్ అన్నారు. ఒంటికి కాపలా కాయాల్సిన వ్యవస్థే కంటి నరం మీద పడిందట. కంప్యూటర్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదని డాక్టర్ రెండుసార్లు చెప్పాడు. "చూపు చాలావరకు వస్తుంది. రంగు ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను" అన్నాడు.

మూడు రోజులు ఐవీ స్టెరాయిడ్ ఎక్కించారు. నోట్లో ఇనుము చప్పరించినట్టు ఉండేది. నిద్ర పట్టేది కాదు, ఆకలి మాత్రం ఆగేది కాదు. తర్వాత మాత్రలు, మెల్లగా మోతాదు తగ్గిస్తూ. ముఖం ఉబ్బిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒళ్ళు చేశావని మెచ్చుకున్నారు. కంప్యూటర్ వల్ల కాదట అని చెబితే, డాక్టర్లు అట్లనే అంటరులే అని నన్నే ఓదార్చారు.

పొగమంచు విడిపోయింది. మాత్రలు ఆఖరికొచ్చే వేళకు కుడి కంట్లో అదే నొప్పి మొదలైంది. ఈసారి ఎవరినీ అడగకుండా బస్సెక్కాం. రక్త పరీక్షలో మాగ్ యాంటీబాడీ పాజిటివ్ అని వచ్చింది, కంటి నరం పైపొర మీద దాడి చేసేది అదేనట. మళ్ళీ ఐవీ, ఆ పైన చాలాకాలం వాడాల్సిన ఇంకో మాత్ర. మళ్ళీ రాదని మాటివ్వలేనని డాక్టర్ ఉన్నదున్నట్టు చెప్పాడు.

కొన్ని నెలలకు చార్టులో అట్టడుగు వరుస దాకా చదివాను. వదిన ముఖం వెలిగింది. తర్వాత డాక్టర్ రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం తెరిచాడు. చాలా పేజీల్లో నాకు చుక్కలే కనిపించాయి. ఏం పని చేస్తారని అడిగాడు. డిజైనింగ్ అన్నాను. ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

ఇంటికొచ్చాక ధైర్యం చెప్పే వీడియోలు ఫోన్ నిండా వచ్చిపడ్డాయి. సూటు తొడుక్కున్న ఒకాయన పొద్దున్నే లేస్తే ఏదైనా సాధించవచ్చన్నాడు. నేను రోజూ పొద్దున్నే లేచాను. ఎరుపు రాలేదు. ఫ్లెక్సీ షాపువాడు అప్పటికే పని ఇంకొకరికి ఇచ్చేశాడు. తేడా ఒక్క నాయకుడికీ తెలియలేదు.

అప్పుడే బసప్ప సేటు కబురు పెట్టాడు. కర్ణాటక సరిహద్దున ఉన్న నాగల్‌గిద్ద వైపు నుంచి వచ్చి ఇక్కడ పప్పు మిల్లు పెట్టుకున్న మనిషి. ఇంట్లో కన్నడం, మిల్లులో తెలుగు. నాకు రెండు లిపులూ గీయడం వచ్చని ఆయనకు తెలుసు. కందిపప్పు ప్యాకెట్ మీద రెండు భాషలూ ఉండాలి, రంగు మాత్రం పొట్టు తీయని కందిగింజ రంగు కావాలన్నాడు. కండ్లు బాగైనయా అని అడిగాడు. అయ్యాయన్నాను. నిజం చెబితే ఉన్న ఒక్క పనీ పోతుందని భయం.

ఏ రంగు పెట్టినా నాకు మురికి గోధుమ రంగులాగే కనిపించింది. కందిగింజలా కనిపించేదాకా ఎరుపు పెంచుతూ పోయాను. ప్రెస్ నుంచి నమూనా రాగానే సేటు మా ముందు గదికి వచ్చి దాన్ని బల్ల మీద పడేశాడు.

"ఏనవ్వా, గిది కందిపప్పా, కారప్పొడా?"

నాకు ఇంక దాచే ఓపిక లేకపోయింది. ఎరుపు సగమే కనిపిస్తుందని చెప్పేశాను. జాలిపడి వెళ్ళిపోతాడనుకున్నాను. ఆయనకు కోపమొచ్చింది.

"గా ముచ్చట ముందుగల్ల చెప్పొద్దా? రంగు జూసే కండ్లు మా ఇంట్ల శానా ఉన్నయ్. రెండు భాషల్ల గింత చక్కగ అచ్చరం రాసే చెయ్యి యాడ దొరకాలె?"

జబ్బు పడ్డాక నన్ను తిట్టిన మొదటి మనిషి ఆయనే. అంత హాయిగా నాకు చాన్నాళ్ళుగా లేదు.

ప్రెస్ వాళ్ళ షేడ్ కార్డు తెప్పించాం. దాని మీద ప్రతి రంగుకీ పక్కన అంకెలుంటాయి. బల్ల మీద గుప్పెడు కందులు పోసి సేటు, ఆయన కోడలు, మా వదిన పోట్లాడుకున్నారు. ఒకరికి నలుపెక్కువ, ఒకరికి పసుపు తక్కువ. నేను గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుని, వాళ్ళు తేల్చిన అంకెలు కొట్టాను. అంకెలు చూసి రంగు వేసేవాళ్ళను ఒకప్పుడు డిజైనర్లని కూడా అనేదాన్ని కాదు. ఇప్పుడు నాదీ అదే బతుకు.

ఫ్లెక్సీలు మానేశాను. తెలుగు, కన్నడ అక్షరాలు గీసే ప్యాకెట్ల పనే తీసుకుంటున్నాను, అది నడుస్తోంది. మాత్రలు, పరీక్షలు తప్పవు. సేటు ప్యాకెట్ పక్కనున్న కల్హేర్ అంగట్లో కూడా కనిపిస్తుంది. అచ్చం కందిగింజేనని అందరూ అంటారు. నాకది ఎండిన మట్టి. నేను చేసిన రంగు నేను తప్ప ఊరంతా చూస్తోంది. ఆ మంట నాకు ఇంకా ఉంది. ఉండనీ.

ఇది చదివేవాళ్ళకు ఒకే మాట. కన్ను తిప్పితే నొప్పి, రంగులు వెలిసినట్టు కనిపించడం ఉంటే ఆ సంగతి వీధికి చెప్పకండి. ముందు కంటి డాక్టరుకు చెప్పండి, ఆ వెంటనే మీకు పని ఇచ్చేవాళ్ళకు చెప్పండి. నేను వీధి వీధంతా చెప్పుకున్నాను. సేటుకు మాత్రం పప్పును కారప్పొడి చేసి చేతిలో పెట్టాక చెప్పాను.