నలభై కంప్యూటర్లు, ఒక్క పాత ఫైలు: లాస్ వేగస్‌లో నా మొదటి క్లాస్

2009 చలికాలంలో లాస్ వేగస్ వెళ్లొచ్చానని చెబితే అందరూ ముందు అడిగేది, ఎంత పోగొట్టుకున్నావని. జూదంలో నేను ఒక్క డాలరు పెట్టలేదు. కానీ ఆ రోజు నా ఉద్యోగాన్నీ, దాంతోపాటు ఈ దేశంలో నా వీసానీ పణంగా పెట్టే వెళ్లాను. నేను వెళ్లింది డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లంతా ఏడాదికోసారి కలిసే పెద్ద కాన్ఫరెన్స్‌కి. ఎలా వెళ్లాలి, ఎంతవుతుంది అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి, చేసిన తెలివితక్కువ పనితో సహా అంతా ఇక్కడ రాసేస్తున్నాను.

అప్పట్లో నేను మిషిగన్‌లోని నోవైలో ఒక చిన్న కంపెనీలో ఫిక్స్చర్లు డిజైన్ చేసేదాన్ని. ఫిక్స్చర్ అంటే, కారు తలుపు రేకుల్ని వెల్డింగ్ చేసేటప్పుడు కదలకుండా పట్టుకునే ఇనుప చట్రం. ఆ పని నేర్పుతూ కాన్ఫరెన్స్‌లో ఒక క్లాస్ చెబుతానని ఎండాకాలంలో దరఖాస్తు పెడితే ఒప్పుకున్నారు. నవంబర్‌లో మా మేనేజర్ పిలిచి, డిసెంబర్ నెలాఖరుతో నీ పని ఆఖరన్నాడు. ఆ ఏడాది డిట్రాయిట్ చుట్టుపక్కల అందరిదీ అదే కథ. ఉద్యోగం ఆగిన రోజే వీసా కూడా ఆగుతుంది. యాభై చోట్లకు రెజ్యూమే పంపితే జవాబిచ్చింది ఒక్కడే, దగ్గర్లోని ట్రాయ్‌లో, ఇలాంటి చట్రాలే తయారుచేసే ఒక టూలింగ్ కంపెనీ నడిపే గ్రెగ్. "నేనూ ఆ కాన్ఫరెన్స్‌కి వస్తున్నాను. నీ క్లాస్‌లో కూర్చుంటాను. తర్వాత మాట్లాడదాం" అని రాశాడు. క్లాస్ చెప్పేవాళ్లకి ప్రవేశం ఉచితం. విమానం టికెట్ మాత్రం నేనే కొనుక్కున్నాను, రానూపోనూ రెండు వందల తొంభై డాలర్లు.

ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుందని క్లాస్ రోజు పొద్దున్నే దిగేలా బుక్ చేశాను. పొదుపు అనుకున్నాను, పిసినారితనం అని తర్వాత తెలిసింది. డిట్రాయిట్‌లో ఆరూ నలభైకి ఎక్కితే లాస్ వేగస్‌లో ఎనిమిదింబావుకి దిగాను. ప్రయాణం నాలుగున్నర గంటలు, గడియారం మూడు గంటలు వెనక్కి. ఎయిర్‌పోర్ట్ బయట టాక్సీ లైన్‌లో ఇరవై నిమిషాలు నిలబడాలి, హోటల్‌కి టిప్పుతో కలిపి ఇరవై డాలర్లు. డ్రైవర్ ఇథియోపియా ఆయన, పేరు తెస్ఫాయె. అద్దంలోంచి నన్ను చూసి, "మేడమ్, ఊళ్లోకి వచ్చేటప్పుడే ఇంత భయంగా ఉన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. మామూలుగా వెళ్లేటప్పుడు ఉంటారు" అన్నాడు. మధ్యాహ్నం మూడింటికి క్లాస్ చెప్పాలని చెప్పాను. "అయితే ముందు ఏదైనా తినండి" అన్నాడు. తినలేదు.

కాన్ఫరెన్స్ జరిగేది హోటల్‌లోనే కదా, లిఫ్ట్ దిగితే చాలనుకోకండి. జూదం యంత్రాల మధ్యలోంచి, సిగరెట్ పొగలోంచి దారి చూసుకుంటూ హాలు చేరడానికి పావుగంట నడక. బ్యాడ్జ్ తీసుకుని పదిన్నరకి నా క్లాస్ జరిగే కంప్యూటర్ ల్యాబ్‌లోకి వెళ్లాను. నలభై కంప్యూటర్లు, నలభై కుర్చీలు. నా ఫిక్స్చర్ ఫైళ్లు రెండు వారాల ముందే పంపాను, అన్నిటిలోనూ సిద్ధంగా ఉన్నాయి. ఒకదాని ముందు కూర్చుని నా ఫైలు తెరిచాను. తెరుచుకోలేదు. ఈ ఫైలు కొత్త వెర్షన్‌లో సేవ్ అయింది, ఇక్కడ పని చేయదు అని ఒక చిన్న పెట్టె కనిపించింది. పక్క కంప్యూటర్‌లోనూ అదే. ఆ పక్కదాంట్లోనూ అదే.

ఏం జరిగిందో నాకు ఒక్క క్షణంలో అర్థమైంది, అదే ఇంకా బాధ. మా సాఫ్ట్‌వేర్‌కి ఒక పాడు గుణం ఉంది. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు, వెనక్కి మార్చే దారీ లేదు. ఆఫీసు ల్యాప్‌టాప్ ఎలాగూ లాగేసుకుంటారని ఫైళ్లన్నీ ఇంట్లో కంప్యూటర్‌లోకి మార్చుకుని, అందులో కొత్త వెర్షన్ ట్రయల్ వేసుకున్నాను. పంపే ముందు రోజు ఏదో చిన్న సవరణ కోసం అందులో తెరిచాను. మారుస్తున్నాను, సరేనా అని అది అడిగే ఉంటుంది. పెట్టెలో ఏం రాసుందో చదవకుండా ఓకే నొక్కడం మా వృత్తి రోగం. పాత ప్రతులు దాచే ఫోల్డర్ ఒకటి సాఫ్ట్‌వేర్ తనంతట తనే పెడుతుంది. దాన్ని కూడా శుభ్రంగా తుడిచేశాను. ఎందుకంటే ఈ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లం ఇంటర్నెట్‌లో కలుసుకునే మా ఫోరమ్‌లో వాల్టర్ అనే పెద్దాయన, ఆ చెత్త ఫోల్డర్‌తో ఫైళ్లు పంపేవాళ్లని చీల్చి చెండాడేవాడు.

ల్యాబ్ చూసుకునే అమ్మాయి వచ్చి అంతా బాగుందా అని అడిగింది. బాగుందన్నాను! నలభై నిమిషాలు ఆ కుర్చీలో అలాగే కూర్చుని, పనికిరాదని తెలిసిన ప్రయత్నాలన్నీ చేశాను. ఎవరైనా వెనక నిలబడితే ఆ పెట్టె కనబడకుండా స్క్రీన్ తగ్గించేశాను. సిగ్గు, భయం, నా మీద నాకే పట్టరాని కోపం. గ్రెగ్ వెనక వరసలో కూర్చుని ఆ చిన్న పెట్టె చూసి లేచి వెళ్లిపోతున్నట్టు ఊహించుకుంటూనే ఉన్నాను.

పదకొండూ ఇరవైకి కిరణ్ వచ్చాడు. జార్జియాలోని కమ్మింగ్‌లో ఉంటాడు, ప్లాస్టిక్ అచ్చులు డిజైన్ చేస్తాడు. మూడేళ్లుగా ఫోరమ్‌లోనే పరిచయం, ఆ రోజు నా క్లాస్‌కి సహాయకుడు.

"ఏమైంది అక్కా? ఇంత ఏసీల గట్ల చెమటలేంది?"

చెప్పాను. వాడు ఒకసారి స్క్రీన్ చూసి, తల పట్టుకుని, మళ్లీ వదిలేశాడు.

"ముందు రోజే రావాలె గదా అక్కా! సరే, తిట్టుడు తర్వాత. పాత ఫైలు ఎవరికన్నా పంపినవా?"

పంపాను. సెప్టెంబర్‌లో మొదటి ప్రతిని ఫోరమ్‌లో ఒక్క మనిషి పరీక్షించాడు. ఆ మనిషి వాల్టర్. నలభై ఒక్క తప్పులు పట్టి జాబితా పెట్టాడు. "నాలుగో క్లాంప్ తెరుచుకోదు. ఎందుకో నువ్వే చూసుకో" లాంటివి. క్లాంప్ అంటే రేకును బిగించి పట్టే భాగం. ఏడింటికి జవాబు రాసి, ఎనిమిదోదానికి ఒళ్లు మండి, ఇక రాయలేదు. కనీసం థాంక్స్ కూడా చెప్పలేదు.

"ఆయన నా మొహం చూడడు కిరణ్."

"చూడకపోతే మానె. ఫైల్ ఇస్తే సాలు. పా!"

వాల్టర్ ఈ కాన్ఫరెన్స్‌కి వస్తున్నట్టు ఫోరమ్‌లో రాశాడు, కానీ ఆయన ముఖం మాకు తెలియదు. అయితే ఈ కాన్ఫరెన్స్‌లో ఒక ఆచారం ఉంది. ఫోరమ్ వాళ్లంతా బ్యాడ్జ్ కింద తమ ఫోరమ్ పేరు రాసిన పట్టీ అంటించుకుంటారు. అదొక్కటే ఆధారంగా భోజనాల హాల్లోకి వెళ్లాం. వేలమంది. శాకాహారులు పేరు నమోదు చేసుకునేటప్పుడే ఆ గడిలో టిక్ పెట్టండి, లేకపోతే ఉడికించిన కూరగాయలే గతి. మా కౌంటర్‌లో వడ్డించే మెక్సికన్ ఆవిడ నా కంచంలో అన్నం, బీన్స్ పెడుతుంటే, నేను మనుషుల గుండెలకేసి చూస్తున్నాను.

"ఎవరమ్మా, తప్పిపోయారా?" అంది.

ముసలాయన, అందరినీ తిడుతుంటాడు అని చెప్పాను. ఆవిడ నవ్వేసింది.

"ప్యాంటుకి ఎర్ర సస్పెండర్లు తగిలించుకున్నాయనా? నిన్న నా బంగాళాదుంపలకి వంక పెట్టాడు. ఇవాళా పెట్టాడు. అదిగో, స్తంభం పక్కన."

ఆయనే. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. పట్టీ మీద నా పేరు చదివి ఫోర్కు కింద పెట్టాడు.

"ఏడు జవాబులు" అన్నాడు.

"అవును. నాకు కోపం వచ్చింది. తప్పు నాదే. ఇప్పుడు ఇంకో పెద్ద తప్పు చేశాను" అని మొత్తం చెప్పాను.  ఆయన ఓదార్చలేదు. ల్యాప్‌టాప్ తీశాడు. సెప్టెంబర్ ఫైలు ఉంది, పాత వెర్షన్‌లోనే. పైగా ఆ నలభై ఒక్క తప్పులూ ఆయనే దిద్దుకుని పెట్టుకున్నాడు.

"మా షాపులో వాడదామని దిద్దాను. నీకోసం కాదు" అన్నాడు.

ఒంటిగంటన్నర. అన్ని కంప్యూటర్లలోకీ ఒకేసారి పంపాలంటే ల్యాబ్ వాళ్లకి వ్యవధి చాలదు. కిరణ్, ఫోరమ్‌లో ఇంకో ఇద్దరు, నేను తలా ఒక పెన్‌డ్రైవ్‌తో వరసలు పంచుకున్నాం. రెండూ యాభైకి ఆఖరి కంప్యూటర్. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన దిద్దిన ఫైలుకీ, క్లాస్‌లో పంచడానికి మెట్టు మెట్టుగా రాసి నేను అచ్చు వేయించిన పాఠానికీ పన్నెండో మెట్టు నుంచి పొంతన ఉండదని. తలుపు తీశారు. జనం వస్తున్నారు. గ్రెగ్ వెనక వరసలో కూర్చున్నాడు.

నేను నిజం చెప్పేశాను. ఫైలు నేనే పాడు చేశానని, ఇది వాల్టర్ దగ్గర ఉన్న ప్రతి అని, పన్నెండో మెట్టు తర్వాత కాగితం పక్కన పెట్టి నన్నే చూడమని. పన్నెండో మెట్టు రాగానే గ్రెగ్ ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. నా నోట్లో మాట ఆగిపోయింది. ముందు వరసలోంచి వాల్టర్, "నాలుగో క్లాంప్" అని గద్దించాడు. నాలుగో క్లాంప్ తెరిచి చూపించాను. పది నిమిషాలకు గ్రెగ్ తిరిగొచ్చాడు. నాలుగున్నరకి క్లాస్ అయిపోయింది. చప్పట్లు కొట్టారు కానీ నేను వినే స్థితిలో లేను.

గ్రెగ్ దగ్గరికొచ్చి ఒక్క ప్రశ్న అడిగాడు. "ఫైలు పోయిందని తెలిశాక, ఎంతసేపటికి ఇంకొకరికి చెప్పావు?"

"పది నిమిషాలు" అన్నాను.

తలూపి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. కిరణ్ నాకేసి చూశాడు. వైర్లు చుట్టడం మొదలుపెట్టాను. అవి అక్కడే పడేసి కారిడార్‌లో పరుగెత్తాను. ఎస్కలేటర్ దగ్గర దొరికాడు.

"పది కాదు. నలభై నిమిషాలు. ల్యాబ్ అమ్మాయితో అంతా బాగుందని అబద్ధం కూడా చెప్పాను."

గ్రెగ్ ఎస్కలేటర్ ఎక్కకుండా పక్కకి జరిగాడు. తర్వాత, "మా దగ్గర ఒకతను ఇలాంటి తప్పే మూడు రోజులు దాచాడు. ఈలోపు కింద షాపులో ఆ తప్పు కొలతలతోనే ఇనుము కోసేశారు" అన్నాడు. "నలభై నిమిషాలు ఎక్కువే. సోమవారం తొమ్మిదింటికి ట్రాయ్‌కి రా. వీసా కాగితాలు తెచ్చుకో. మంచు పడుతుందట, ముందే బయల్దేరు."

మంచు పడింది. ఆరున్నరకే బయల్దేరాను. ఉద్యోగం వచ్చింది, ఆరేళ్లుగా అక్కడే ఉన్నాను. ఆ వారాంతం ఫోరమ్‌లో ఎనిమిదో తప్పు నుంచి నలభై ఒకటో దాకా వరసగా జవాబులు రాశాను. చివర థాంక్స్ కూడా రాశాను. వాల్టర్ "సరే" అని ఒక్క మాట పెట్టాడు. నాకు ఆ మాట చదివితే కళ్లు చెమర్చాయి, ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గే. ఆ ఊళ్లో నేను చూసిన వింతలేవీ లేవు. పీకల మీదికొచ్చినప్పుడు, నేను దూరం పెట్టిన మనిషే అన్నం కంచం పక్కకు జరిపి ల్యాప్‌టాప్ తీయడం ఒక్కటే చూశాను. ఇక మీకు సలహా: క్లాస్ చెప్పడానికి వెళ్తే ముందు రోజే దిగి, మీ ఫైలు అక్కడి కంప్యూటర్‌లో మీ చేత్తో తెరిచి చూసుకోండి. తెరుచుకోకపోతే, పక్కన ఎవరుంటే వాళ్లకి వెంటనే చెప్పేయండి. నాకు నలభై నిమిషాలు పట్టింది.