మామ నాడె పెట్టిన చాప

మొన్న ఓట్లు లెక్కపెట్టిన రోజు మా సిద్దిపేట వీధిలో డప్పులు మోగుతుంటే, ఏమిటీ సంబరమని వాకిట్లోకి వచ్చాను. పేదల బియ్యం అమ్ముకున్నాడని కేసు నడుస్తున్న మనిషే మళ్లీ గెలిచాడట. మొన్నమొన్నటిదాకా ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టిన మా మనవడు ముఖమంతా రంగు పూసుకుని ఎగురుతున్నాడు. ఇదేమిటిరా అంటే, "ఎట్లున్నా మన పార్టోడు నానమ్మా" అన్నాడు. నా ఈడువాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్లకే చెప్పుకోవాలి, ఇటువంటి మాట వల్లనే ఒకప్పుడు నా కాపురం చెట్టుకొకరు పుట్టకొకరు అయింది.

నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజులవి. నిజాం రాజ్యం, ఎక్కడో పెద్ద యుద్ధం, ఇక్కడ మాకు నూలు కరువు. నేతగాళ్లకు సర్కారు ఇచ్చే నూలు మా కులపెద్ద ఇంట్లో దిగేది, ఆయన మగ్గానికింత అని పంచేవాడు. మాలో పైవాడ, కిందివాడ అని రెండు జట్లు, ఉప్పూ నిప్పూ. పెద్ద మా పైవాడ మనిషి. నూలు రాలేదు, రాలేదు అని ఆయన చెబుతూ ఉంటే మా మగ్గం ఆగిపోయింది. పని లేక చేతులు ఊరుకోక మా మామ ఉత్త మగ్గం గుంటలోనే కాళ్లు వేలాడేసుకుని కూర్చునేవాడు. ఇట్లాగే ఉంటే షోలాపూర్ మిల్లుకు పోతానని మా ఆయన అనేసరికి నా గుండెల్లో రాయి పడింది. అట్లా పోయినవాళ్లు చుట్టపుచూపుగా రావడమే తప్ప ఇంట్లో నిలిచింది లేదు.

ఇంతలో ఏదో పని మీద హుస్నాబాద్ పోయిన మా ఆయనకు ఒక షావుకారు కొట్టు వెనక మా నూలు కట్టలు కనబడ్డాయి. మా పెద్ద కట్టే నీలం దారం ముడులు కూడా విప్పలేదట. ఆ కబురు రెండు వాడల్లోనూ గుప్పుమంది. అమ్మయ్య, దొంగ దొరికాడు, ఇక మా ఆయన ఎక్కడికీ పోనక్కర్లేదని నేను లోలోపల ఎంత మురిసిపోయానో!

పెద్దను మళ్లీ ఎన్నుకోవాలని పంచాయితీ కూర్చుంది. ఆయనకు పోటీగా కిందివాడ మనిషి ఒకడు నిలబడ్డాడు. మా ఆనవాయితీ ఏమిటంటే, పోటీపడ్డ ఇద్దరి ముందూ చెరొక చాప పరుస్తారు. మగ్గమున్న ప్రతి ఇంటి యజమానీ తన మగ్గంలో నూలు కండెతో అటూ ఇటూ ఆడే నాడెను తెచ్చి, తనకు నచ్చిన మనిషి చాప మీద పెట్టాలి. ఆడవాళ్లం అరుగుల మీద నుంచి చూస్తున్నాం. మా పెద్ద లేచి, "అమ్ముకున్న. మీ దగ్గర దాపరికమేంది?" అని నవ్వాడు! అందరూ మీద పడతారనుకున్నాను. ఒక్కరూ కదలలేదు. మా మామ పాడుపడ్డ నాడె మీది దుమ్మును పంచె కొంగుతో తుడిచి, తిన్నగా పోయి ఆయన చాప మీదే పెట్టాడు. ఓరి దేవుడా, నా కళ్లను నేను నమ్మలేకపోయాను. పైవాడ నాడెలన్నీ ఆ వెనకే పోయి పడ్డాయి, ఆయనే మళ్లీ పెద్ద అయ్యాడు.

ఇంటికొచ్చాక మా ఆయన, "గిదేంది నాయినా?" అని ఒక్క మాటే అడిగాడు. "తింటే తిన్నడు, మనోడే తిన్నడు. కిందివాడోని ముంగట చేతులు కట్టుకొని నిలవడుమంటవా?" అన్నాడు మామ.

తరువాత కూడా నూలు రాలేదు. మా ఆయన షోలాపూర్ బయల్దేరిన రోజు ఆ పెద్దమనిషే బస్సు దగ్గరికి వచ్చి, పైవాడ పేరు నిలబెట్టమని భుజం తట్టి పంపాడు. మామ ఆయనకు వంగి దండం పెట్టాడు. ఆ తరువాత నా పిల్లలు తండ్రిని ఒక చుట్టంగానే ఎరిగారు. మనిషి ఇంటికి వచ్చి నిలిచేసరికి తల ముగ్గుబుట్ట అయింది.

అయినా మామ మీద నేను కోపం పెట్టుకోలేదు. నాడె నలుగురి కళ్లముందు పెట్టాలి కదా, కిందివాడ చాప మీద పెడితే మా వాడలో నిప్పూ నీళ్లూ పుట్టనివ్వరు, పాపం భయపడ్డాడు, ఇంట్లో అన్నది పైకి అన్న మాటేనని సరిపెట్టుకున్నాను. ఆయనకు చివరిదాకా అన్నం కలిపి పెట్టింది ఆ మాట నమ్మే.

ఇప్పుడు చాపలు లేవు. అట్ట చాటున ఒక్కరమే నిలబడి మీట నొక్కి వస్తాం, దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు, ఎవరికీ భయపడనక్కర్లేదు. అయినా డప్పులు ఆ బియ్యం అమ్ముకున్న మనిషి పేరిటే మోగాయి. మా మామ కూడా ఆ రోజు భయపడి పెట్టలేదు, మనసారా పెట్టాడు.