తెల్లపులికి అడ్డొచ్చిన వారశూల

మేముండే సంత్రాగాఛి నుంచి జూకి తీసుకెళ్లి తెల్లపులిని చూపిస్తానని మా పాపకి వారం రోజులుగా చెబుతున్నాను. ఈ రోజు పొద్దున్న పులిహోర డబ్బా సర్దుకుని గుమ్మం దాటబోతుంటే మా ఆయన అన్నగారు అడ్డుపడ్డారు.

"శనివారం తూరుపు పక్కకి వారశూలమ్మా. పిల్లతోటి ఎల్లకూడదు."

పాప బూట్లు విప్పేసి ఏడుస్తూ కూర్చుంది. కాసేపటికి బావగారు మాత్రం క్యారేజీ పట్టుకుని షాలిమార్ రైల్వే యార్డుకి బయల్దేరారు. అదీ మాకు తూర్పే! నాకు ఒళ్లు మండిపోయింది.

"మరి మీకు శూల లేదేటండీ?" అని అడిగేశాను.

"డ్యూటీకి దోషం నేదమ్మా!"

అంటే దోషమంతా పిల్లల సరదాలకేనన్నమాట. వచ్చే శనివారం ఆయన డ్యూటీకి గుమ్మం దిగగానే, ఆయన వెనకే మేమూ తూర్పుకి బయల్దేరతాం. ఏమంటారు?